కార్బన్ కాగితం

డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి
ఇస్లామాబాద్ పొగమంచు కిటికీకి చెంప ఆనించి నిలబడుతుంది.
విదేశాంగ శాఖ మూడో అంతస్తులో
గ్యాస్ హీటరు, టీ ఫ్లాస్కు, నేను.
పేరు నజాబత్ కియానీ. టైపిస్టుని.
కంప్యూటర్లొచ్చి ఇన్నేళ్లయినా
ఈ ఒక్క పనికీ పాత మిషనే కావాలంటారు,
తీగ లేనిదానికి చెవులుండవని.

మొదటి జాబితా చిన్నది.
అణు కేంద్రాలు: పేరు, అక్షాంశం, రేఖాంశం.
"ఇవి ఇక్కడున్నాయి, కొట్టకండి" అని
కొట్టగలిగినవాడికే రాసిచ్చే కాగితం.
వాడూ మనకి రాసిస్తాడు.
దొంగకి బీరువా చూపించి
ఒట్టు వేయించుకున్నట్టుందని ఓసారి నవ్వాను.
తౌసీఫ్ సాబ్ నవ్వలేదు.
"ఇద్దరి భయమూ ఒకే తూకం ఉన్నంతకాలం
ఒట్టుతో పనిలేదు కియానీ" అన్నాడు,
టీలో విరిగిపడ్డ బిస్కెట్టుని చెంచాతో వెతుక్కుంటూ.

ఇందులో ఒక్క అంకె తప్పకూడదు.
ముగ్గురు చూస్తారు, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ.
ఒకేడు నేను ఏడు బదులు ఒకటి కొట్టాను.
ఓ రియాక్టరు నది దాటి ఎవరిదో ఆవచేలో పడింది.
నాకు మెమో వచ్చింది.
ఆ చేనుకి కబురు కూడా వెళ్లలేదు.

రెండో జాబితా పొడుగు.
మన జైళ్లలో ఉన్న వాళ్ల జాలర్లు.
కరసన్ జీవా, వయసు ముప్పై, లేదా నలభై.
బావా లఖమ్, ఊరు: సముద్రం పక్కన.
రామ్‌సీ, తండ్రి పేరు: తెలియదు.
నీళ్లమీద గీత కనబడలేదనే అందరి వాంగ్మూలం.
దీన్ని ఎవరూ వేలు పెట్టి చూడరు.

మర్నాడు ఢిల్లీ కవరొస్తుంది.
అక్కడా ఒకడున్నాడు నాలాంటివాడు.
వాడి మిషన్లో ఆర్ అక్షరం కుంటిది.
రియాక్టరైనా, రహీమైనా
కాలీడుస్తూనే కాగితమ్మీదికొస్తారు.
మా సింధ్ జాలర్ల పేర్లు వాడి చేతిలో ఏటేటా మారతాయి.
గురువారం పుట్టిన ఖమీసో
నిరుడు కామ్‌సూ, ఈసారి హమీషో.
పేరు కలవక ఇంకా లోపలే.
వాడి కరసన్‌ని నేనెన్నిసార్లు చెడగొట్టానో
వాడికీ తెలిసే ఉంటుంది.
ఒకరినొకరం బెదిరించుకోం.
మా ఇద్దరికీ ఎవరూ భయపడరు.

ఈసారి నిద్రమత్తులో అడిగేశాను.
"సార్, రావల్పిండిలో మా గల్లీ ఉంది.
రొట్టెల పొయ్యి, చెప్పులు కుట్టే ముసలాయన,
మా మహ్‌పారా బడి.
ఊళ్లని ఈ జాబితాలో రాయరా?"
తౌసీఫ్ సాబ్ కళ్లద్దాలు తీసి తుడిచాడు.
చాలాసేపు తుడిచాడు.
"ఊళ్లు కూడా రాసేస్తే
ఇక తాకట్టు ఏం మిగిలింది?"

స్టోర్ కీపరు కొత్త కార్బన్ల డబ్బాకి తాళమేసి
మామగారి చావుకి వెళ్లాడు.
రెండు జాబితాలకీ ఒకే కార్బన్ వాడాను.
పని ముగిశాక దీపానికి అడ్డంగా పట్టుకున్నాను.
నలుపు రాలినచోటల్లా వెలుతురు అక్షరాలు,
ఒకదానిమీద ఒకటి.
కరసన్ జీవా గుండెల్లోంచి ముప్పై మూడు డిగ్రీలు.
తండ్రి పేరు తెలియదన్నచోట
గోపురం ఉన్న ఓ కట్టడం పేరు.
ఎవరు ఖైదీయో, ఏది కేంద్రమో
కొట్టిన నాకే చదవడం రాలేదు.

రూలు ప్రకారం కాల్చేయాలి.
కాల్చాను. పలచటి బూడిద
హీటరు వేడికి కాసేపు పైకి లేచి
ఫైళ్లమీద వాలింది.
తౌసీఫ్ సాబ్ చేత్తో దులిపి సంతకం పెట్టాడు.

తెల్లారగట్ల ఇల్లు చేరాను.
మహ్‌పారా తలుపు తీసింది, ఒక కన్ను మూసుకునే.
నా బొటనవేలి నలుపు చూసి
"ఓటేసొచ్చావా అబ్బూ?" అంది.